మొదటి ముక్క

మేస్త్రి కుడిచేతి చూపుడువేలి గోరు ఒక్కటే పొడుగ్గా ఉంటుంది. మిగతావన్నీ మొదలంటా కత్తిరించి ఆ ఒక్కదాన్ని మాత్రం పెంచుకున్నాడు. మిషను మీంచి ఏ ముక్క దిగినా ముందు ఆ గోరు దాని రంధ్రంలోకి దిగాలి, ఒక చుట్టు తిరగాలి. ఎక్కడా తట్టుకోకపోతే ముక్క బతికినట్టు. తట్టుకుందా, ఆ ముక్క చేసినవాళ్ళకి ఆ పూట మూడినట్టే.

ఆ రోజు గోరు తట్టుకుంది.

"ఇక్కడో మెట్టు. ఇదిగో, ఇక్కడ ఇంకోటి," అన్నాడు మేస్త్రి షాపంతా వినబడేలా. "గుండ్రం చెయ్యమంటే మెట్లు కట్టావేం అమ్మాయ్? మేడెక్కుదామనా?"

పక్క మిషను ఆపరేటరు పకపకా నవ్వాడు. నోరు మూతపడదు కాబట్టి అతణ్ణి అందరూ రేడియో అంటారు. మేస్త్రి జోకుకి అందరికంటే ముందు నవ్వేది అతనే. నవ్వకపోతే తర్వాతి జోకు ఎవరి మీద పడుతుందో అతనికి బాగా తెలుసు.

అమ్మాయ్ అంటే మేస్త్రి కోడలు. షాపులోనూ ఆమెని అందరూ కోడలనే అంటారు. మిషనుకి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని మామగారు పనిచేసే చోటే చేరింది. చేరినప్పటి నుంచీ ఆమె చేసిన ప్రతి గుండ్రం దగ్గరా ఇదే తంతు.

ఆ రోజు పని, పంపు బాడీలో నీళ్ళు కారకుండా ఆపే సీలు కూర్చునే గూడు చెయ్యడం. కట్టర్ ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ కేంద్రం చుట్టూ తిరగాలో, ఎక్కడ ఆగాలో మిషనుకి అంకెల్లో చెప్పాలి. కట్టర్‌కి దాని లావు దానికుంటుంది కాబట్టి, అందులో సగం మేరకు గీతకి లోపలగా జరిగి నడవమని ఆఫ్‌సెట్ పట్టికలో ఇంకో అంకె వెయ్యాలి. ఈ రెండింట్లో ఏది తప్పినా గూడు చెడుతుంది, పంపు కారుతుంది. ఆమె రెండింటినీ పదేపదే సరిచూసుకుంది. కట్టర్‌ని కొలిచింది, సగం చేసింది, పట్టికలో వేసింది. అంకెలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. అయినా మెట్టు వచ్చింది.

"మామయ్యా, మిషన్లోనే ఏదన్నా తేడా ఉందేమో..."

"విన్నావట్రా రేడియో? ఆడలేక మద్దెల ఓడంటోంది మా కోడలు." మేస్త్రి ముక్కని తిప్పి వెలుతురుకి పట్టాడు. "ఇదే మిషను మీద నేను చేస్తే వస్తుంది. నువ్వు చేస్తే రాదు. తేడా మిషన్లో ఉందా, నీలో ఉందా?"

నవ్వులు విని ఓనరు బయటికొచ్చాడు. ఓనరుకి ఇనుము ధర తెలుసు, ఇనుము తెలియదు. అందుకని ముక్కని చూడలేదు, మేస్త్రి మొహం చూశాడు. అది చాలు.

"అమ్మా, మీ మామగారి మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నా. ఈ వారంలో ఇంకొక్క ముక్క చెడిందంటే ఇంటి దగ్గరే ఉండు. మేస్త్రిగారూ, మీరేం అనుకోకండి."

"నేనేం అనుకుంటానండీ? న్యాయమే కదా," అన్నాడు మేస్త్రి. తర్వాత కోడలి వైపు తిరిగి, "వెళ్ళి అందరికీ టీ చెప్పిరా," అన్నాడు.

ఎప్పుడూ అంతే. ఆమెని టీకో, గుడ్డపీలికలకో పంపేసి తెర ముందు కూర్చుంటాడు. ఆమె తిరిగొచ్చేసరికి మీటలు నొక్కడం అయిపోయి ఉంటుంది. అదే కట్టర్, అదే గూడు, గోరు వెన్నమీద నడిచినట్టు చుట్టూ తిరిగొస్తుంది. ఏం మార్చారని అడిగితే, "చెబితే వచ్చేది కాదు, చేతికి రావాలి," అంటాడు. ఆమె ఇంకోసారి అడిగితే రేడియో నవ్వుతాడు.

చెడిన ముక్క షాపులో ఉండిపోతే కొంత నయం. మేస్త్రి దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని ఇంటికి తెస్తాడు. రాత్రి భోజనాల దగ్గర కోడలి కంచం పక్కన పెడతాడు. "తిను. తింటూ దాన్ని చూడు. కంటికి నిండితేనే బుర్రకెక్కుతుంది," అంటాడు. నూనె కంపు కొట్టే ఆ ఇనుపముక్క మంచినీళ్ళ గ్లాసు పక్కన పెద్ద చుట్టంలా కూర్చుంటుంది. మొదట్లో అత్తగారు, "తినేచోట ఆ ఇనుమేమిటండీ," అనేది. ఇప్పుడు కంచాలు సర్దేటప్పుడే దానికి చోటు వదిలి సర్దుతోంది. కొడుకు వ్యాను నడుపుతాడు. ఎంత ఇరుకు సందులోనైనా వ్యాను తిప్పగలడు గానీ తండ్రి ముందు నోరు తిప్పలేడు. ఆ రాత్రీ కంచంలోకి చూస్తూ తిని లేచాడు.

మర్నాడు పొద్దున్నకి మేస్త్రి దవడ గుమ్మడికాయలా వాచింది. పన్ను పీకించుకోవడానికి పోయాడు. ఆయన షాపుకి రాని రోజు అంటూ ఎవరికీ గుర్తులేదు. మిషనుకీ ఆ సంగతి తెలిసినట్టు పొద్దుటి నుంచే మూలగడం మొదలుపెట్టింది. ముక్కని బిగించే టేబుల్ ఇటు నుంచి అటు తిరిగేటప్పుడు కడుపులో రాళ్ళు దొర్లుతున్నంత మోత. ఓనరు మెకానిక్కుకి ఫోను చేశాడు. మేస్త్రి లేడని రేడియో కూడా ఆ రోజు రాలేదు.

మెకానిక్కు కవర్లు ఊడదీసి, టేబుల్‌కి కదలిక కొలిచే డయల్ ఆనించి, ఆమెని పిలిచాడు. "అమ్మా, అరచేత్తో ఈ టేబుల్‌ని నెట్టండి. గట్టిగా అక్కర్లేదు."

ఆమె నెట్టింది. డయల్ ముల్లు కదిలింది. చెయ్యి తీసింది. ముల్లు వెనక్కి వచ్చింది. కరెంటు ఆపేసి, బిగించి ఉన్న టేబుల్ అది. ఆడమనిషి అరచేతికి కాదు గదా, ఏనుగు ఆనుకున్నా కదలకూడదు.

"టేబుల్‌ని నడిపే స్క్రూ అరిగిపోయింది," అన్నాడు మెకానిక్కు, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ. "ఇవాళో నిన్నో కాదు, ఏళ్ళయి ఉంటుంది. టేబుల్ వెనక్కి తిరిగిన ప్రతిసారీ కొంచెం ఆగి తిరుగుతోంది. దీనిమీద గుండ్రం ఎలా చేస్తున్నారండీ మీరు?"

"మా మామగారు చేస్తారు."

"అయితే ఆయన అంకెలు కావాలనే వంకరగా రాస్తుండాలి. ఈ మిషనుకి సరిగ్గా రాసినవాళ్ళకి మెట్టే వస్తుంది. వంకరగా రాసినవాళ్ళకే సరిగ్గా వస్తుంది."

"మళ్ళీ చెప్పండి," అంది ఆమె.

అతను మళ్ళీ చెప్పాడు. ఆమె చెయ్యి మళ్ళీ టేబుల్ మీదికి చేరింది. తీయడం మరిచిపోయింది.

సాయంత్రానికి కొత్త స్క్రూ ఎక్కింది. ఓనరు వచ్చి, "అరగని వస్తువేముందిలే," అని గదిలోకి పోయాడు. మోత ఆగిందా లేదా, అంతే ఆయనకి కావాల్సింది. మెకానిక్కు వెళ్ళాక ఆమె ఒక పని చేసింది. నిన్న చెడిందన్న ప్రోగ్రాం, మామగారి చెయ్యి పడకముందుది, కంప్యూటర్లో అలాగే ఉంది. దాన్ని మిషనుకి పంపింది. పక్కన పారేసిన ముక్కనొకదాన్ని తిరగేసి బిగించి, బటన్ నొక్కింది. కట్టర్ లోపలికి దిగి, నిదానంగా చుట్టి, బయటికొచ్చింది. గేజి పెట్టి అన్ని వైపులా తిప్పి చూసింది. ముల్లు ఉన్నచోటే ఉంది. ఆమె రాసింది రాసినట్టు, అంకె పొల్లుపోకుండా, గుండ్రంగా వచ్చింది.

సంతోషం కలగాలి. కలగలేదు. చెవులు మాత్రం కాలిపోయాయి. మేస్త్రి మార్చిన ప్రోగ్రాంని తెరమీద తెచ్చి తన దాని పక్కన పెట్టుకుంది. తను ఒక్క చుట్టుగా రాసినదాన్ని ఆయన నాలుగు పావులు చేశాడు. ఒక్కో పావుకి ఒక్కో కేంద్రం, వెంట్రుకవాసి అటో ఇటో జరిపి. పావు మొదలూ చివరా కేంద్రమూ ఒకదానికొకటి పొసగకపోతే మిషను ఎర్రదీపం వెలిగించి ఆగిపోతుంది. కొద్దిపాటి తేడాని మాత్రం చూసీచూడనట్టు పోనిస్తుంది. మేస్త్రి ఇన్నేళ్ళూ ఆ కొద్దిపాటి సందులోనే కాపురం చేశాడు. ఆఫ్‌సెట్‌లో కట్టర్‌ని కూడా ఉన్నదానికంటే సన్నమని అబద్ధం చెప్పాడు. ఆయన పాత ప్రోగ్రాములు ఇంకొన్ని తెరిచి చూసింది. అన్నింట్లోనూ అదే వంకర, అదే వైపుకి.

అంటే ఆయనకి తెలుసు. మిషను కుంటిదని తెలుసు. కోడలి లెక్క సరైనదనీ తెలుసు. తెలిసే ఆ ముక్కల్ని గుడ్డలో చుట్టి ఇంటికి మోసుకొచ్చాడు. ఆమెకి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది.

ఆ రాత్రి మేస్త్రి బుగ్గలో దూది పెట్టుకుని, మెత్తగా చేసిన గంజి కూడా మింగలేక, కక్కలేక కూర్చున్నాడు. ఆమె గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి పెట్టింది. వెంటనే వెళ్ళలేదు.

"మామయ్యా, నా ప్రోగ్రాముల్లో మీరేం మారుస్తుంటారు? ఒక్కసారి చెప్పండి."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"నా లెక్క ఎక్కడ తప్పుతోందో అదైనా చెప్పండి."

ఆయన దూది తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ మాట దూది అడ్డంలేకుండా చెప్పాలనిపించినట్టుంది. "మొత్తం తప్పే. మొదలే తప్పినవాళ్ళకి ఎక్కడని చెప్పేది? నీకు రాదులే అమ్మాయ్, వదిలెయ్." మళ్ళీ దూది పెట్టుకోబోతూ, "మిషను మోత పెట్టిందటగా?" అన్నాడు.

"ఆగిపోయింది మామయ్యా. మెకానిక్కు వచ్చి చూశాడు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చెప్పాల్సింది నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఉంచుకుని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పెద్ద లాటు. పంపు బాడీలన్నీ సాయంత్రంలోగా కావాలి, కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చూసి తీసుకుపోతాడు. మేస్త్రి మెడకీ తలకీ మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. నొప్పి తగ్గలేదు గానీ లాటుని ఇంకొకరి చేతిలో పెట్టే మనిషి కాదు.

ఆ షాపులో ఎవరి ప్రోగ్రాం ఎక్కినా మొదటి ముక్క దించి, నాలుగు వైపులా కొలిచి, అది సరిగ్గా ఉంటేనే రెండోది బిగిస్తారు. మేస్త్రి ప్రోగ్రాంకి మాత్రం ఆ నియమం లేదు. ఓనరు తలుపు దగ్గర నుంచి, "మొదటి ముక్క చూసుకున్నారా మేస్త్రిగారూ?" అంటే ఆయన మఫ్లర్ లోంచే నవ్వాడు.

"నా ప్రోగ్రాంకి మొదటి ముక్కేమిటండీ? అన్నీ మొదటివే, అన్నీ చివరివే."

రేడియో చప్పట్లు కొట్టాడు.

బిగించడం, బటన్ నొక్కడం మేస్త్రి పని. దించడం, తుడవడం, పేర్చడం కోడలి పని. మొదటి ముక్క దిగింది. వేడిగా ఉంది. ఆమె గుడ్డతో తుడుస్తూ లోపలికి వేలు పోనిచ్చింది. ఆమెకి పొడుగు గోరు లేదు, అక్కర్లేకపోయింది. వేలికొనకి మెట్టు తగిలింది. ఇంకొంచెం జరిపితే రెండోది. కాళ్ళు బాగైన మనిషి అలవాటుకొద్దీ కుంటినట్టు, కొత్త స్క్రూ మీద పాత వంకర యథాతథంగా దిగింది. గూడు కోడిగుడ్డులా ఒకవైపుకి సాగింది. ఇరుకుగా వస్తే మళ్ళీ కోసి సరిచెయ్యొచ్చు. సాగినదాన్ని బ్రహ్మదేవుడు కూడా ముడవలేడు.

"ఏంటి ఆగావ్?" అన్నాడు మేస్త్రి, రెండో ముక్క బిగిస్తూ.

"వేడిగా ఉంది మామయ్యా."

"ఇనుము వేడిగా కాక చల్లగా ఉంటుందా? కానీ."

ఆమె ఆ ముక్కని బోర్లించి పెట్టింది. రెండోదాన్ని దించి, తుడిచి, దాని పక్కన బోర్లించింది. తర్వాతిదాన్నీ అంతే. వరస నిండి, దాని మీద అట్ట వేసి, రెండో వరస మొదలైంది. ప్రతిదాంట్లోనూ వేలు పెట్టి చూసింది, ప్రతిదాంట్లోనూ మెట్టు ఉంది, అది పెరగనూలేదు, తరగనూలేదు. మేస్త్రి ఒక్క ముక్కలో కూడా గోరు పెట్టలేదు. ఆ గోరు పరాయివాళ్ళ పనికే. పైగా ఇవాళ ఆ చెయ్యి దవడ మీంచి దిగడం లేదు.

మధ్యలో ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. మొహం పాలిపోయి, నుదుటి మీద చెమట పట్టింది. "కాసిని మంచినీళ్ళియ్యమ్మా," అన్నాడు. అమ్మాయ్ అనలేదు, అమ్మా అన్నాడు. ఆమె నీళ్ళు తెచ్చింది. ముసలి గొంతు గుటకలు వేస్తుంటే చూసి జాలేసింది, నిజంగానే వేసింది. చెప్పేద్దామనుకుంది. మిగిలిన ముక్కలైనా దక్కుతాయి.

మేస్త్రి గ్లాసు దించి, మూతి తుడుచుకుని, రేడియో వైపు చూశాడు. "చూశావట్రా? పన్ను పీకినా పని ఆగలేదు. మా కోడలికి ఇన్నాళ్ళూ చూపిస్తూనే ఉన్నా. గుడ్డతో తుడవడం మాత్రం వచ్చింది."

ఆమె గ్లాసు తీసుకుంది, కడిగి బోర్లించింది, గుడ్డ అందుకుంది.

ఇన్‌స్పెక్టరు మెతక మనిషి, గట్టిగా మాట్లాడడు. ఒక ముక్క తిప్పి గేజి పెట్టాడు. ఇంకోటి తీసుకున్నాడు. అడుగు వరసలోంచి ఒకటి తీయించాడు. తర్వాత గేజి డబ్బాలో పెట్టేసి, "ఇవేవీ పనికిరావండీ," అన్నాడు, వాన పడుతోందన్నంత మామూలుగా.

ఓనరు నవ్వబోయి ఆగిపోయాడు. మేస్త్రి ఒక ముక్క లాక్కుని గోరు పెట్టాడు. గోరు తట్టుకుంది. ఇంకోటి తీశాడు. అదీ తట్టుకుంది. మూడోది తియ్యలేదు. మిషను దగ్గరికి పోయి, టేబుల్ మీద అరచెయ్యి ఆనించి నెట్టాడు. కాలు తన్నిపట్టి ఇంకా గట్టిగా నెట్టాడు. టేబుల్ రాయిలా ఉంది. ఆ పొద్దుటి నుంచీ పాత అలవాటుతో బటన్ నొక్కుతూ పోయిన మనిషికి అప్పుడు తెలిసింది. మెల్లగా తిరిగి కోడలి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

ఈలోగా ఇన్‌స్పెక్టరు తెర ముందు వంగాడు. "ఒక గుండ్రానికి నాలుగు కేంద్రాలేంటండీ? కట్టర్ సైజు కూడా తక్కువ వేశారు. ఇలా రాస్తే ఇలాగే వస్తుంది. పోయిన లాటులన్నీ బాగానే ఉన్నాయే, ఇదేంటి?"

"మేస్త్రిగారూ, ఏంటిది?" అన్నాడు ఓనరు. వెంటనే కోడలి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు పక్కనే ఉన్నావుగా, నువ్వు చెప్పు. ఎందుకిలా రాశారు?"

"మామయ్యగారే చెప్పాలండీ," అంది ఆమె.

ఆ మాటతో ఆమె తలుపు తెరిచిపెట్టింది. ఆయన చెప్పాల్సింది ఎంతని? స్క్రూ అరిగిపోయింది, అందుకే అంకెలు వంచాను, కొత్త స్క్రూ వేశారని నాకు చెప్పలేదు. అంత చెబితే తప్పు ఆయన మీంచి జారి ఆమె మీద పడుతుంది. చెప్పలేదేమని అందరూ ఆమెనే నిలదీస్తారు, ఓనరు ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తాడు. ఆమె దానికీ సిద్ధపడే నిలబడింది. ఎందుకంటే ఆ మాట వెనకాలే ఇంకో మాట రాక తప్పదు: అరిగిన మిషను మీద కోడలు సరిగ్గా రాసింది, అందుకే ఆమె ముక్కలు చెడ్డాయి. పని పోతే పోనీ. రేడియో వింటుండగా, ఓనరు వింటుండగా ఆ ఒక్క మాట ఆయన నోట వింటే చాలనుకుంది.

మేస్త్రి మఫ్లర్ విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"నిన్నంతా నొప్పండి. ఇవాళ పొద్దున్నే వచ్చి అంకెలు కెలికాను. కళ్ళు సరిగ్గా ఆనలేదు," అన్నాడు. "పొరపాటైపోయింది. నాదే."

కోడలు ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఇన్నేళ్ళ పేరుని, చేతి పనిని, ఓనరు నోటి గారూని అన్నింటినీ ఒక్క అబద్ధంతో అక్కడ పారబోశాడు. అంతా పారబోశాడు గానీ కోడలి లెక్క సరైనదన్న మాటని మాత్రం పంటి కింద పట్టి ఉంచాడు.

ఓనరు చెడ్డ ముక్కల దొంతరని చూశాడు. "రేపటి నుంచి నువ్వు ఫైలింగు బల్ల దగ్గర కూర్చో మేస్త్రీ. అంచులు గీకడానికి కళ్ళు అంతగా అక్కర్లేదు. మిషను అమ్మాయి చూసుకుంటుంది." గారూ పోయిందని రేడియో కూడా గమనించాడు. ఆ రోజు మొదటిసారిగా అతను ఏమీ అనలేదు.

ఇంట్లో ఎవరికెంత తెలిసిందో గానీ భోజనాల దగ్గర అందరూ గబగబా తిని లేచారు. పడుకోబోయే ముందు మొగుడు అడిగాడు.

"స్క్రూ మార్చారని నీకు తెలుసట కదా? నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పే వీలు ఆయన ఇవ్వలేదు."

"మాటలు నేర్చావే," అన్నాడు అతను. గోడవైపు తిరిగాక మళ్ళీ అన్నాడు. "ముసలాయన. ఎంత అవమానం."

అవమానం అనే మాట అతనికి తెలుసని ఆమెకి అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆమె తన ప్రోగ్రాం ఎక్కించింది. మొదటి ముక్క దించి, నాలుగు వైపులా కొలిచి, ఓనరుకి చూపించి, అప్పుడు రెండోది బిగించింది. మధ్యాహ్నానికి వరసలు నిండాయి. కోసిన అంచుల మీద సన్నటి ఇనుప పొరలు మిగులుతాయి. ఆ ముక్కలన్నీ ఫైలింగు బల్ల మీదికి చేరాయి. మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో గోనెగుడ్డ పరుచుకుని, ఆకురాయితో అంచులు గీకుతున్నాడు. వాపు తగ్గింది. పని మాత్రం నీటుగానే చేస్తున్నాడు.

రేడియోకి మాట తిరిగొచ్చింది. మొన్నటిదాకా ఎవరి జోకుకి నవ్వేవాడో ఆయన బల్ల దగ్గరే వచ్చి నిలబడ్డాడు.

"ఏం మేస్త్రీ, ఎలా ఉంది కోడలి పనితనం? నువ్వైతే సరిగ్గా చెబుతావ్."

షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. కోడలు ముక్క బిగిస్తున్నదల్లా, స్పానరు చేతిలో పట్టుకుని ఆగింది. నిన్న రానిది ఇవాళ వస్తుందేమోనని, సిగ్గులేకుండా, ఇంకా ఆశపడింది.

మేస్త్రి ఒక ముక్క తీసుకుని గూట్లో గోరు పెట్టాడు. నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. మొదలుపెట్టిన చోటికి వచ్చాక ఇంకో చుట్టు తిప్పాడు. ఎక్కడా తట్టుకోలేదు. ముక్కని మంచివాటి దొంతరలో పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, ఆకురాయి అందుకున్నాడు.

"కొత్త స్క్రూ కదరా," అన్నాడు. "మిషను బాగా పనిచేస్తోంది."